ఇద్దరు బిడ్డల మధ్య ఎడం: నా అనుభవం

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికీ చిన్నవాడికీ నాలుగేళ్ల తేడా. చూసినవాళ్లు ‘మంచి ఎడం వచ్చింది’ అంటారు. ఆ ఎడం దానంతట అది రాలేదు. నేను అడిగి తెలుసుకుని, ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించి, ఆసుపత్రిలో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఎలా తెచ్చుకున్నానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు కావలసినప్పుడు ఇలాంటిది చదవడానికి దొరకలేదు.

మా ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషన్ ఒక్కటే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, మా రాష్ట్రంలో పిల్లలు కనే వయసులో ఉన్న వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ల ట్యూబులు కట్టేసే ఆపరేషన్, అయినవాళ్లే. దేశం మొత్తానికి ఆ అంకె 38 దగ్గర ఉంది. మగవాళ్ల వేసెక్టమీ అర శాతానికి కూడా చేరలేదు. మాత్ర, లూప్, ఇంజక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా మా రాష్ట్రంలో దాదాపు లేనట్టే. పెళ్లి, ఏడాది తిరగ్గానే ఒక బిడ్డ, వెంటనే ఇంకో బిడ్డ, ఆపైన ఆపరేషన్. పాతికేళ్లు నిండక ముందే అన్నీ అయిపోతాయి. మొదటి కాన్పుకూ ఆపరేషన్‌కూ నడుమ ఉన్న ఆ కాలంలో, బాలింత ఒళ్లు మళ్లీ కూడుకోవాల్సిన ఆ కాలంలో, ఆమెకు ఏమి కావాలని అడిగే అలవాటు మాలో లేదు. నన్ను ఒకరు అడిగారు కాబట్టే నా దారి మారింది.

అడిగినది మా ఏఎన్‌ఎం సిస్టర్, ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సు. నాకప్పుడు 22 ఏళ్లు, ఏడో నెల. ప్రతి నెలా 9వ తేదీన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులను డాక్టరు చూస్తారు. 2016 నుంచి దేశమంతటా ఆ పద్ధతి ఉంది. ఆ రోజు బీపీ, బరువు, రక్తం చూడటం అయిపోయాక సిస్టర్ నన్ను లోపలి గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, “కాన్పు అయ్యాక ఏమి వాడదామనుకుంటున్నావమ్మా?” అన్నారు. కడుపులో బిడ్డ ఇంకా కాళ్లతో తన్నుతోంది, అప్పుడే తర్వాతి బిడ్డ రాకుండా చూసుకోవడం ఏమిటని నాకు వింతగా అనిపించింది. ఆవిడే చెప్పారు: “నొప్పులు పడుతున్న మనిషిని అడిగితే ఏమి ఆలోచించి చెబుతుంది? ఇప్పుడే ఆలోచించుకోవాలి.”

ఒక స్టీలు ట్రేలో అన్నీ పెట్టి చూపించారు. నిరోధ్ ప్యాకెట్టు, మాలా-ఎన్ మాత్రలు, ఛాయా మాత్రలు, అంతరా ఇంజక్షన్ సీసా, ఒక కాపర్-టి. కాపర్-టి అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టేది, ఊళ్లో లూప్ అంటారు. పేరు వినడమే గానీ అంతకుముందు నేను చూడలేదు. అరచేతిలో పెట్టుకుని చూశాను. తెల్లని ప్లాస్టిక్ కాడ, పొడవు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో. కాడ చుట్టూ సన్నని రాగి తీగ, పైన రెండు చేతులు, కింద వేలాడే రెండు సన్నని దారాలు. చేతులను వేలితో వంచితే వంగి, వదలగానే మళ్లీ తిన్నగా విచ్చుకున్నాయి. ఊళ్లో దీని గురించి ఏళ్ల తరబడి విన్న భయాలకూ, చేతిలో ఉన్న ఆ చిన్న వస్తువుకూ ఎక్కడా పొంతన కుదరలేదు.

సిస్టర్ చెప్పిన లెక్క ఇది. బిడ్డ పుట్టి మాయ పడిన పది నిమిషాల లోపు దీన్ని పెట్టేయవచ్చు. అది కుదరకపోతే 48 గంటల లోపు. ఆ గడువు దాటితే మళ్లీ ఆరు వారాలు ఆగాలి, ఎందుకంటే ఆ మధ్యలో గర్భసంచి ముడుచుకుంటూ ఉంటుంది. కాన్పు సమయంలోనే పెట్టించుకుంటే విడిగా మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన పని ఉండదు, విడిగా నొప్పీ ఉండదు. కాకపోతే మామూలు రోజుల్లో పెట్టినదానికంటే కాన్పులో పెట్టినది జారిపోయే అవకాశం కొంచెం ఎక్కువ. ఆ మాట కూడా దాచకుండా చెప్పారు. అందుకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా అత్తయ్య ఒప్పుకోలేదు. లూప్ వేయించుకుంటే అది పైకి పాకి గుండెకు చేరుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడది అజ్ఞానం అని కొట్టిపారేయలేను. ఆవిడ కాలంలో పెట్టేవాళ్లు పెట్టి వెళ్లిపోయేవారు, తర్వాత నొప్పి అన్నా, రక్తం పోతోందన్నా పట్టించుకునే దిక్కు ఉండేది కాదు. చెప్పేవాళ్లు లేనిచోట భయమే సమాధానం అవుతుంది. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదని నేను చెప్పాను. ఆవిడ విన్నారు గానీ సరే అనలేదు. మా ఆయన ‘నీ ఇష్టం’ అన్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, కానీ పెద్దవాళ్ల ముందు ఒక్క మాట నా తరఫున మాట్లాడితే ఎంత ధైర్యంగా ఉండేదో ఆయనకు ఆ రోజు చెప్పాను. ఆ తర్వాత ఆయన మారారు, అది ముందు ముందు చెబుతాను. మొదటి కాన్పులో మాత్రం కాపర్-టి వద్దనే అనుకున్నాను. కనీసం మూడేళ్లు ఆగాలన్నది నిర్ణయం, దానికి వేరే దారి చూసుకుంటానని సిస్టర్‌తో చెప్పాను. ఆవిడ తల్లీబిడ్డల కార్డులో రాసుకున్నారు.

కాన్పు మామూలుగానే జరిగింది, కుట్లు పడ్డాయి, అమ్మ ఇంటికి తీసుకెళ్లింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. మూడో నెల వరకో అయిదో నెల వరకో బాలింత అక్కడే ఉంటుంది. భర్త దూరంగా ఉన్నాడు కదా, ఇప్పుడు వీటి గురించి ఆలోచించడం దేనికని అందరూ అనుకుంటారు. అల్లుడు బిడ్డను చూడటానికి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్తాడన్నది మాత్రం ఎవరికీ తట్టదు. ఆపైన సారె పెట్టి, మంచి రోజు చూసి అత్తవారింటికి పంపుతారు. సారెలో ఊయల నుంచి కాటుక డబ్బీ వరకు అన్నీ ఉంటాయి. పిల్ల తల్లికి మళ్లీ వెంటనే నెల తప్పకుండా ఏమి చేయాలన్నది ఆ సర్దుళ్లలో ఎక్కడా ఉండదు. సరిగ్గా ఆ సమయానికే ఒంట్లో అండం విడుదల మళ్లీ మొదలవుతుంటుంది. పాలివ్వని తల్లికైతే కాన్పయిన నాలుగు వారాలకే మొదలుకావచ్చు.

మా వాళ్లందరి ధైర్యం ఒకటే: ‘పాలిస్తోంది కదా, ఏమీ కాదు.’ ఇందులో నిజం ఉంది, కానీ షరతులతో కూడిన నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు, పగలూ రాత్రీ ఇస్తూనే ఉండాలి. తల్లికి ముట్టు తిరిగి మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉన్నంతకాలం నూటికి 98 మందికి పైగా గర్భం రాదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ అక్కడితో ఆగిపోతుంది. ముట్టు వస్తే కదా గర్భం వచ్చేది అనుకుంటారు చాలామంది. అండం ముందు విడుదలవుతుంది, ముట్టు ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. ఆ మొదటి అండమే నిలిస్తే ముట్టు రాకుండానే మళ్లీ గర్భం.

మా పిన్ని కూతురికి అలాగే అయింది. బిడ్డకు ఎనిమిదో నెల. గుజ్జన్నం పెడుతూనే పాలు కూడా ఇస్తోంది. ముట్టు రాలేదు, పాల వల్లే అనుకున్నారు. వాంతులు మొదలై పరీక్ష చేయించేసరికి మూడో నెల. ఇంట్లోవాళ్లు ఎవరికీ తెలియనివ్వకూడదని మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చి మింగించారు. ఆ మాత్రలు తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూస్తూ ఉండగా వాడాల్సినవి. రాత్రంతా రక్తం పోయింది. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం ఎక్కించారు. బతికింది. ఆ తర్వాత పాలు తగ్గిపోయి బిడ్డ చిక్కిపోయింది. మా పిన్ని కూతురి వయసు అప్పటికి 20 ఏళ్లు. దీనికి చట్టం అడ్డు లేదు. 1971 నాటి చట్టం చెప్పిన షరతుల మేరకు డాక్టరు చేతుల మీదుగా గర్భస్రావం చేయించుకునే వీలుంది, 18 ఏళ్లు నిండిన స్త్రీకి భర్త సంతకం కూడా అక్కర్లేదు. ఆమెకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. అంతకుముందు అసలు గర్భమే రాకుండా చూసుకునే మార్గం చెప్పినవాళ్లూ లేరు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

పాలిచ్చే పద్ధతి ఆరు నెలలే అని తెలుసు కాబట్టి నేను అప్పటిదాకా ఆగలేదు. మా వైపు బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. పాపకు నెలన్నర టీకాకు వెళ్లిన బుధవారమే సిస్టర్‌ను అడిగాను. నిజానికి బాలింత ఇల్లు దాటి వెళ్లే మొదటి పని ఈ టీకానే. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు ఎలాగూ వెళ్తాం. ఆ వరుసలో నిలబడ్డ ప్రతి తల్లినీ ‘నీ సంగతేమిటి’ అని అడగడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా గట్టి అభిప్రాయం. మా కేంద్రంలో మాత్రం నేను చూసినంతవరకు బిడ్డ తొడ మీద సూది గుచ్చి, జ్వరం మందు ఇచ్చి పంపేవారు. సిస్టర్ ఒక్కరే, బిడ్డలేమో వసారా నిండా. ఆవిడను తప్పుపట్టలేను.

నాకు రెండు మార్గాలు చెప్పారు. అంతరా అయితే మూడు నెలలకు ఒక ఇంజక్షన్. బిడ్డకు ఆరు వారాలు దాటాక పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చు. ఇంట్లో మాత్రల డబ్బా కనబడాల్సిన పని లేదు, రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అయితే మొదట్లో అప్పుడప్పుడు చుక్కలుగా కనబడటం, తర్వాత ముట్టు పూర్తిగా ఆగిపోవడం మామూలు. మానేశాక మళ్లీ గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. ఛాయా అయితే హార్మోను లేని మాత్ర, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో తయారైనది. అంతకుముందు సహేలీ అన్న పేరుతో 1990ల నుంచి బజారులో ఉన్నదే. పాల మీద ప్రభావం చూపదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఈ రెండూ 2017 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. మాలా-ఎన్ లాంటి, రోజూ వేసుకునే హార్మోను మాత్రలు మాత్రం బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లికి మంచివి కావని, పాలు తగ్గుతాయని గట్టిగా చెప్పారు. మందుల షాపులో ‘పిల్లలు కాకుండా మాత్రలు’ అని అడిగితే చేతిలో పెట్టేవి ఎక్కువగా అవే. బాలింతలు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోవాలని కోరుకుంటున్నాను.

ఛాయా తీసుకున్నాను. కారణం నా ఒంటికి సంబంధించినది కాదు, మా ఇంటికి సంబంధించినది. మన ఇళ్లలో ముట్టు రహస్యం కాదు. పూజ గదికి వెళ్లనిదెవరో, వంటింట్లోకి రానిదెవరో అందరికీ తెలుస్తుంది. ముట్టు ఆగిపోతే ‘ఏమైనా విశేషమా’ అని అడుగుతారు, ఎక్కువ రోజులు ఉంటే ‘ఏమిటీ పాడు’ అంటారు. ముట్టులో తేడా తెచ్చే ఏ పద్ధతీ మన ఇళ్లలో ఆడదాని సొంత విషయంగా మిగలదు. ఆసుపత్రిలో పద్ధతుల మంచిచెడ్డలు చెప్పేవారు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంతరా బాగా పనిచేస్తుంది, కానీ నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు రెండో ఇంజక్షన్‌కు వెళ్లకుండా మానేశారు, ముట్టు గురించి ఇంట్లో సమాధానం చెప్పలేకే.

ఆదివారం మొదటి మాత్ర, బుధవారం రెండోది. అలా మూడు నెలలు. తర్వాత ఆదివారం ఒక్కటే. ఆదివారం పాపకు స్నానం చేయించి అమ్మ సాంబ్రాణి వేసేది కాబట్టి మరిచిపోయే ప్రసక్తి రాలేదు. అత్తవారింటికి వెళ్లాక చిక్కు వచ్చింది. అక్కడి ఉపకేంద్రంలో ఛాయా నిల్వ లేదన్నారు. ఇండెంట్ పెట్టాం, వస్తుంది అన్నారు. మాత్ర మధ్యలో ఆగితే మొత్తం ప్రయోజనం పోతుంది. ఏడు రోజులు దాటి తప్పితే మళ్లీ మొదటి నుంచి వారానికి రెండు చొప్పున మొదలుపెట్టాలి. మా ఆయన పట్నం వెళ్లి బజారులో కొనుక్కొచ్చారు. మందుల షాపులో పేరు చెప్పి అడగడానికి ఆయన పడ్డ మొహమాటం నాకు తెలుసు, అయినా వెళ్లారు. మాటల్లో ‘నీ ఇష్టం’ అన్న మనిషి చేతల్లో నా పక్షాన నిలబడటం అక్కడ మొదలైంది.

పాపకు తొమ్మిదో నెలలో నాకు ముట్టు మొదలైంది. మాత్రల కోసం ప్రతిసారీ ఎదురుచూడటం నచ్చక కాపర్-టి వేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. ఈసారి మా ఆయనే అత్తయ్యతో మాట్లాడారు. “అది నా భార్య ఆరోగ్యం, పాప పాలు కూడా దాని మీదే ఆధారపడి ఉన్నాయి, మూడేళ్లు ఆగుదామమ్మా” అన్నారు. అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “జాగ్రత్తగా వేస్తారా మరి? నేనూ వస్తాను” అన్నారు. నిజంగానే వచ్చారు.

ముట్టు మొదలైన వారం లోపు రమ్మన్నారు. గర్భం లేదని తేలికగా తేలే రోజులు అవి. ముందు కొన్ని ప్రశ్నలు అడిగారు, తెల్లబట్ట, దుర్వాసన, జ్వరం ఏమైనా ఉన్నాయా అని. లోపల చెయ్యి పెట్టి చూశారు. సన్నని కడ్డీతో గర్భసంచి లోతు కొలిచారు. ఆ కొలతకు సరిపోయేట్టు గొట్టం మీద గుర్తు జరిపి, చేతులు మడిచిన కాపర్-టిని గొట్టంతో లోపలికి పంపారు. పొత్తికడుపులో ఒక్కసారి బలంగా మెలిపెట్టినట్టయింది, కళ్లు తిరిగాయి. ముట్టు నొప్పిని పదింతలు చేసి ఒక్క క్షణంలోకి కుదించినట్టు ఉందని చెప్పగలను. తర్వాత తగ్గిపోయింది. దారాలు కత్తిరించి, కాసేపు పడుకోబెట్టి, పంపేశారు. చేతికి ఒక కార్డు ఇచ్చారు, అందులో వేసిన తేదీ, తీయాల్సిన సంవత్సరం. నాకు వేసినది 375 రకం, అయిదేళ్లు పనిచేస్తుంది. 380-ఎ అయితే పదేళ్లు.

మొదటి మూడు నాలుగు నెలలు ముట్టు ఎక్కువగా అయింది, నొప్పి కూడా ఉండేది. ఇలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. అసలే కాన్పులో రక్తం తగ్గిన ఒళ్లు కాబట్టి ఐరన్ మాత్రలు ఆపకుండా వేసుకున్నాను. ప్రతి నెలా ముట్టు తగ్గాక దారాలు తగులుతున్నాయో లేదో చూసుకోమన్నారు. దారాలు తగలకపోయినా, ముట్టు తప్పినా, చలిజ్వరం వచ్చినా, కడుపులో తెరలుగా నొప్పి వచ్చినా వెంటనే రమ్మన్నారు. అవేవీ రాలేదు. అయిదో నెల నుంచి అది లోపల ఉన్నదన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. పాప నడిచింది, మాటలు నేర్చింది, రెండేళ్లు నా పాలు తాగింది. మా ఊళ్లో నా ఈడు పిల్లల్లో బిడ్డకు రెండేళ్లు పాలివ్వగలిగినది నేనొక్కదాన్నే, మిగతావాళ్లకు అప్పటికే రెండో బిడ్డ ఒళ్లోకి వచ్చేసింది. ఒక కాన్పు తర్వాత కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం ధరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మాట ఎందుకు చెప్పిందో నా పాపను చూసుకుంటే, నా హిమోగ్లోబిన్ కాగితం చూసుకుంటే నాకు తెలిసింది.

పాపకు మూడేళ్లు నిండాక తీయించుకున్నాను. దారాలు పట్టి లాగారు, తీయడం వేయడమంత కష్టం కాదు. మూడో నెలలోనే నెల తప్పింది. ‘లూప్ వేయించుకుంటే మళ్లీ పిల్లలు పుట్టరు’ అన్న మాటకు అంతకంటే సమాధానం ఏమి కావాలి?

రెండో కాన్పు నన్ను వేరే విధంగా పరీక్షించింది. బిడ్డ అడ్డం తిరిగాడు, పెద్దాపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు ఒక నర్సు కాగితాలు తెచ్చారు. అందులో ట్యూబెక్టమీ అంగీకార పత్రం కూడా ఉంది. “రెండో బిడ్డ కదా, కడుపు ఎలాగూ తెరుస్తున్నాం, పనిలో పని ట్యూబులు కూడా కట్టేస్తారు, సంతకం పెట్టు” అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు, బలవంతం కూడా లేదు. అందరూ చేయించుకునేదే కాబట్టి నేనూ చేయించుకుంటానని అనుకున్నారు, అంతే. మా అమ్మ కూడా ఒకే కోతతో అయిపోతుంది కదా అంది. ఆ వాదనలో సౌకర్యం ఉంది, కాదనను.

నేను వద్దన్నాను. నాకు 26 ఏళ్లు. ముందున్న జీవితం ఎలా ఉంటుందో తెలియదు. మా వీధిలోనే ఒకావిడ 23 ఏళ్లకు ఆపరేషన్ చేయించుకుంది, ఆ తర్వాత జ్వరంతో ఒక బిడ్డ పోయాడు. మళ్లీ ట్యూబులు కలిపించుకోవడానికి అప్పు చేసి పట్నంలో తిరిగింది, ఫలితం లేదు. ఆపరేషన్ చెడ్డదని నేను అనను. పిల్లలు చాలని మనసారా అనుకున్న స్త్రీకి అది మంచి పద్ధతి, ఒకసారి చేయించుకుంటే జీవితాంతం దిగులు లేదు. కానీ అది శాశ్వతం. శాశ్వతమైనదానికి స్ట్రెచర్ పక్కన నిలబడి సంతకం అడగకూడదు. ముందుగా, తీరికగా అడగాలి. కాదన్నా మర్యాదగా వినాలి.

మా అమ్మ తరంలో ఈ ఆపరేషన్లన్నీ డీపీఎల్ (లాపరోస్కోపీతో ట్యూబులు కట్టే) క్యాంపుల్లో జరిగేవి. వరుసగా పడుకోబెట్టి, ఒకరి తర్వాత ఒకరికి. అమ్మకు అలాగే జరిగింది, ఆ సాయంత్రమే ఎడ్లబండిలో ఇంటికి వచ్చానని చెబుతుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో అలాంటి క్యాంపులో ఒక్కరోజే 83 మందికి ఆపరేషన్లు చేస్తే ఆ తర్వాత పది మందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్లలో నిలిపివేయాలని ఆదేశించింది. చనిపోయినవాళ్లలో చాలామంది చిన్న వయసు తల్లులు. వాళ్లకు ట్రేలో అన్నీ పెట్టి చూపించి, ఏది కావాలని అడిగినవారు ఉండి ఉంటే వాళ్లలో ఎంతమంది ఆ బల్ల ఎక్కేవారు?

ఈ రెండో కాన్పుకు ఏడో నెలలోనే నేను నిర్ణయం చెప్పి కార్డులో రాయించుకున్నాను: పెద్దాపరేషన్ అయినా, మామూలు కాన్పు అయినా కాపర్-టి వేయండి అని. ఆ కార్డు చూపించాను. మా ఆయన పక్కనే ఉన్నారు. నర్సు మళ్లీ ఒక మాట అడగబోతే “ఆమె చెప్పింది కదండీ” అన్నారు. డాక్టరమ్మ వచ్చి కార్డు చూసి, “మంచిది, ముందే ఆలోచించుకున్నావు” అని ట్యూబెక్టమీ పత్రం తీసేసి కాపర్-టి పత్రం పెట్టించారు. బాబును బయటికి తీసి, మాయ తీసేశాక, గర్భసంచి కుట్టే ముందు ఆ కోతలోంచే చేత్తో పైకంటా పెట్టేశారు. నాకు ఏమీ తెలియలేదు.

ఆరో వారం చూపించుకోవడానికి వెళ్తే దారాలు కనబడలేదు. కాసేపు గుండె దడదడలాడింది. పెద్దాపరేషన్‌లో పెట్టినప్పుడు దారాలు గర్భసంచిలోనే ఉండిపోయి, గర్భసంచి ముడుచుకునే కొద్దీ నెమ్మదిగా కిందికి దిగుతాయని డాక్టరమ్మ చెప్పారు. జారిపోయిందేమోనన్న అనుమానం ఉండకూడదని స్కానింగ్ చేయించారు. తెర మీద గర్భసంచి నడుమ తెల్లని గీతలా కనబడింది, ఉండాల్సిన చోటే ఉంది. ఇంకో రెండు ముట్టులు అయ్యాక దారాలు దిగాయి. ఇలా పెట్టించుకున్నవాళ్లు దారాలు కనబడలేదని భయపడి తీయించేసుకుంటున్నారని కూడా ఆవిడ చెప్పారు. అలా ఎవరైనా భయపడుతుంటే, ముందు స్కానింగ్ చేయించుకోండి.

ఇప్పుడు బాబుకు ఏడాదిన్నర. ఈసారి నాకు వేసినది పదేళ్ల రకం. మూడో బిడ్డ వద్దన్న నిర్ణయానికి మేమిద్దరం ఈమధ్యనే వచ్చాం, అదీ తీరికగా మాట్లాడుకుని. శాశ్వత పద్ధతి కావాలనుకుంటే నేను మళ్లీ కడుపు కోయించుకోనక్కర్లేదు. వేసెక్టమీకి కుట్టు కూడా పడదు, పెద్ద మత్తు ఉండదు, ఆ రోజే నడిచి ఇంటికి వస్తారు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండి, తర్వాత వీర్య పరీక్ష చేయించుకుని కణాలు లేవని తేలితే చాలు. మగతనం పోతుందని, బరువులు ఎత్తలేరని మా ఊళ్లో చెప్పుకునేవన్నీ ఉత్త మాటలే. ఆయన కూడా మొదట అవే అడిగారు. డాక్టరుతో స్వయంగా మాట్లాడితే నమ్మకం కుదురుతుందన్నారు. వచ్చే వారం జిల్లా ఆసుపత్రికి ఇద్దరం వెళ్తున్నాం. ఆయన అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటున్నారు.